ఒకే గ్రాఫిక్స్ కార్డు, 8జీబీ ఒకటి, 16జీబీ ఒకటి: రెండూ వాడి చూశాక

ఆర్‌టీఎక్స్ 4060 టీఐ అనే గ్రాఫిక్స్ కార్డు, 16జీబీ మెమరీ ఉన్నది, నా దగ్గరికి వచ్చి ఏడాది దాటింది. మా తమ్ముడి పీసీలో ఉన్నది అదే కార్డులో 8జీబీ రకం. ఇద్దరివీ ఒకే ప్రాసెసర్, ఇద్దరికీ 32జీబీ ర్యామ్, కాబట్టి రెండింటినీ నెలల తరబడి పక్కపక్కన పెట్టి చూసే వీలు దొరికింది. కొనేముందు నేనూ అందరిలాగే రోజుల తరబడి వెతికాను. సగం మంది "ఆ కార్డుకి 16జీబీ దండగ" అన్నారు, సగం మంది "8జీబీ కొంటే రేపు బాధపడతావు" అన్నారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది, కానీ ఏ మాట ఎవరికి సరిపోతుందో విడమరిచి చెప్పినవాళ్లు తక్కువ. డబ్బు లెక్క చూసుకుని కొనేవాళ్లకే ఈ సందేహం వస్తుంది, వాళ్లే తప్పు కార్డు కొని నష్టపోతారు, అందుకే తెలిసినంత వరకు వివరంగా రాస్తున్నాను.

ముందు కార్డుల సంగతి. 8జీబీది 2023 మేలో వచ్చింది, 16జీబీది అదే ఏడాది జూలైలో. బొమ్మ లెక్కలు చేసే చిప్ ఒకటే, దానిలోని కోర్లు రెండింట్లోనూ 4352, చిప్‌కీ మెమరీకీ మధ్య దారి, అంటే మెమరీ బస్సు, రెండింటికీ 128 బిట్లు, ఆ దారిలో సరుకు వెళ్లే వేగం, అంటే బ్యాండ్‌విడ్త్, సెకనుకి 288జీబీ. కరెంటు వాడకం ఒకదానికి 160 వాట్లు, రెండోదానికి 165. తేడా అంతా మెమరీలోనే, దానికి విడుదలప్పుడు పాతిక శాతం ఎక్కువ ధర పెట్టారు. అప్పట్లో 16జీబీ రకం మీద అందరికీ కోపం వచ్చింది ఇందుకే, ఇంత డబ్బు అదనంగా పెట్టినా సెకనుకి వచ్చే బొమ్మల్లో, అంటే ఫ్రేముల్లో, ఒక్కటి కూడా పెరగదని. అది నిజమే. ఆన్‌లైన్ షూటర్లు, రేసింగ్ గేములు, ఐదారేళ్ల కిందటి పెద్ద గేములు 1080పీ రిజల్యూషన్‌లో (1920 x 1080 పిక్సెళ్లు) పెట్టి మేమిద్దరం ఆడితే ఏ స్క్రీన్ ఏ కార్డుదో చెప్పలేం. మీరు ఆడేవి ఇవే అయితే 8జీబీది కొనుక్కోండి, మిగిలిన డబ్బుతో మంచి ఎస్‌ఎస్‌డీ తీసుకోండి, మీకు వేరే ఆలోచన అక్కర్లేదు.

తేడా మొదట కనిపెట్టింది మా తమ్ముడు. ఇద్దరం ఒక కొత్త ఓపెన్ వరల్డ్ గేము ఇంకా ఎక్కువ పిక్సెళ్లుండే 1440పీలో, టెక్స్చర్లు (గేములో వస్తువుల మీద అతికించే బొమ్మలు) అల్ట్రాలో పెట్టి పక్కపక్కన కూర్చుని ఆడుతున్నాం. మొదటి పది నిమిషాలు రెండూ ఒకేలా నడిచాయి. తర్వాత గేములో ఒక బజారు వీధిలోకి వెళ్లాం. "అన్నయ్యా, నీ దాంట్లో ఆ గోడ మీద పోస్టర్ చదవడానికి వస్తోంది, నా దాంట్లో ముద్దగా ఉందేంటి?" అన్నాడు. లేచి వెళ్లి చూశాను. వాడు క్యారెక్టర్ని గోడకి ముక్కు తగిలేంత దగ్గరగా నిలబెట్టాడు, అయినా పోస్టర్ మీద అక్షరాలు లేవు, వానకి తడిసిన కాగితం మీద ఇంకు అలుక్కుపోయినట్టు రంగు మచ్చలున్నాయి. నాలుగైదు సెకన్లు ఆగితే అక్షరాలు తేలాయి. వెనక్కి తిరిగి వీధి చూసి మళ్లీ గోడ వైపు తిరిగేసరికి మళ్లీ పోయాయి. ఇంత జరుగుతున్నా మూలన ఉన్న ఫ్రేమ్ కౌంటర్ మాత్రం ఇంచుమించు నా స్క్రీన్ మీదున్న నంబరే చూపిస్తోంది.

కార్డుల వేగం కొలిచే పరీక్షల్లో, అంటే బెంచ్‌మార్కుల్లో, ఇది కనబడదు. మెమరీ చాలనప్పుడు కొన్ని గేములు ఫ్రేములు తగ్గకుండా కాపాడుకోవడానికి టెక్స్చర్లని చెప్పకుండా తక్కువ రకానికి దించేస్తాయి, చార్టులో రెండు కార్డులూ సమానం అని వస్తుంది, కానీ మీరు చూసేది అదే బొమ్మ కాదు. ఇంకొన్ని గేములు దించవు, నిండిన మెమరీతోనే పెనుగులాడతాయి, అప్పుడు సగటు ఫ్రేములు బాగానే ఉన్నా మధ్యమధ్యలో పట్టేసి వదిలేసినట్టు ఉంటుంది. సగటుని నమ్మకండి, రివ్యూల్లో "1% లో" అని ఇచ్చే నంబరు, అంటే అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం, చూడండి, మెమరీ కరువు ముందు అక్కడే బయటపడుతుంది. మూడో రకం గేములు ఏకంగా క్రాష్ అవుతాయి.

మెమరీ నిండితే ఎందుకింత ఇబ్బంది అంటే, కార్డు మీద చోటు లేని సరుకు పీసీ ర్యామ్‌లో పెట్టుకుని కావాల్సినప్పుడల్లా కార్డుని మదర్‌బోర్డుకి కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ మీదుగా తెచ్చుకోవాలి. ఆ స్లాట్‌లో ఈ కార్డు వాడుకునే లేన్లు, అంటే డేటా దారులు, 8 మాత్రమే. నాలుగో తరం స్లాట్‌లో పెడితే సెకనుకి దాదాపు 16జీబీ వస్తుంది, కార్డు మీద మెమరీ 288 ఇస్తోంది, అంటే ఆ దారి పద్దెనిమిదో వంతు వెడల్పుది. మదర్‌బోర్డు పాతదై మూడో తరం స్లాట్ ఉంటే ఆ 16 కాస్తా 8 అవుతుంది. బడ్జెట్ కార్డు కొనేవాళ్లలో చాలామంది పాత పీసీకి కొత్త ఊపిరి పోయడానికే కొంటారు, వాళ్ల దగ్గర ఉండేది మూడో తరం బోర్డే, కాబట్టి మెమరీ పొంగిపోతే దెబ్బ వాళ్లకే గట్టిగా తగులుతుంది. 2022 జనవరిలో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ దీనికి మంచి ఉదాహరణ, 4జీబీ మెమరీ, 4 లేన్లు, మూడో తరం స్లాట్‌లో పెడితే కొన్ని గేముల్లో స్పీడు బాగా పడిపోయేది. మెమరీ ఎంత అని అడిగేటప్పుడు మీ బోర్డు ఏ తరందో కూడా చూసుకోండి.

టెక్స్చర్లు ఇంత చోటు ఎందుకు తింటాయో ఒకసారి లెక్క వేసి చూశాను, అప్పటి నుంచి నాకు ఈ విషయం మీద సందేహం పోయింది. అటు 4096, ఇటు 4096 పిక్సెళ్లున్న ఒక బొమ్మ, పిక్సెల్‌కి 4 బైట్లు అనుకుంటే 64ఎంబీ. గేములు దాన్ని కుదించి పిక్సెల్‌కి ఒక బైట్ దాకా తెస్తాయి, అప్పుడు 16ఎంబీ, దూరం నుంచి చూసినప్పుడు వాడే చిన్న కాపీలు కూడా కలిపితే 21ఎంబీ పైచిలుకు. ఒక వస్తువుకి ఒక బొమ్మతో సరిపోదు, రంగుకి ఒకటి, ఎత్తుపల్లాలకి ఒకటి, నునుపు గరుకులకి ఒకటి, మొత్తం 64ఎంబీ. ఆ స్థాయిలో వంద వస్తువులు కళ్లెదుట ఉంటే 6జీబీ దాటిపోతుంది. గేము అన్నింటినీ ఒకేసారి పూర్తి సైజులో ఉంచదు, దూరంగా ఉన్నవాటికి చిన్నవి వాడుతుంది, అయినా ఒక బజారు వీధిలో ఎన్ని వస్తువులు ఉంటాయో మీరే ఊహించుకోండి. దీనితో పోలిస్తే 1080పీలో ఒక ఫ్రేము, పిక్సెల్‌కి 4 బైట్ల లెక్కన, 8ఎంబీ. 4కేలో 33ఎంబీ. ఇంజిన్ ఇలాంటివి పదుల కొద్దీ పెట్టుకుంటుంది కాబట్టి రిజల్యూషన్‌కి లెక్క లేదని అనను, కానీ "1080పీకి 8జీబీ ఎప్పటికీ చాలు" అనే మాట అందుకే సగమే నిజం, చోటు ఎక్కువగా తినేది టెక్స్చర్లు, వాటి సైజు మీ మానిటర్ని బట్టి మారదు, మీరు మెనూలో పెట్టిన సెట్టింగ్‌ని బట్టి మారుతుంది.

ఇక అసలు విషయం. నీడలు పెంచితే, వెలుతురు నిజంలా కనబడేలా లెక్కించే రే ట్రేసింగ్ పెంచితే, రిజల్యూషన్ పెంచితే చిప్ కష్టపడాలి, ఫ్రేములు తగ్గుతాయి. టెక్స్చర్ సెట్టింగ్ అలా కాదు. మెమరీలో చోటు ఉందంటే మీడియం నుంచి అల్ట్రాకి వెళ్లినా ఫ్రేములు దాదాపు అలాగే ఉంటాయి. బొమ్మలో కంటికి అన్నిటికంటే ముందు కనబడేది కూడా అదే, గోడలు, బట్టలు, ముఖాలు, నేల. బడ్జెట్ చిప్ ఉన్నవాడు మిగతా సెట్టింగులన్నీ దించుకున్నా టెక్స్చర్లు మాత్రం పైన ఉంచుకోగలడు, మెమరీ ఉంటే. అందుకే "చిన్న చిప్‌కి అంత మెమరీ ఎందుకు" అనే వాదనని నేను ఇప్పుడు ఒప్పుకోను. చిప్ చిన్నదైనప్పుడు చౌకగా దొరికే అందం ఇదొక్కటే.

అలాగని ఎంత చిన్న చిప్‌కైనా పనికొస్తుందా అంటే రాదు, ఆ పాఠం నేను చాలా ఏళ్ల కిందట డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. మొదటి జీతాల్లోంచి దాచుకుని కొన్న నా మొదటి కార్డు డబ్బా మీద 4జీబీ అని బొటనవేలంత అక్షరాలతో ఉంది. పక్కనే 2జీబీ కార్డు కూడా ఉంది, ధర ఇంచుమించు అదే. "ఇది డబుల్ సార్, నాలుగేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. ఇంటికి తెచ్చి పెట్టాక గేము ఈడ్చుకుంటూ నడిచింది, సెట్టింగులన్నీ కిందికి దించినా అంతే. ఆ 4జీబీ డీడీఆర్3 అనే నెమ్మది రకం మెమరీ అని, బస్సు 64 బిట్లే అని, బ్యాండ్‌విడ్త్ సెకనుకి 14జీబీ పైచిలుకు మాత్రమేనని తర్వాత తెలిసింది. నేను వదిలేసి వచ్చిన 2జీబీది గ్రాఫిక్స్ కార్డుల కోసమే చేసిన జీడీడీఆర్5, దానికంటే రెండింతలకు పైగా వేగం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఆ డబ్బు కూడబెట్టడానికి పట్టిన నెలలు గుర్తొచ్చి.

అప్పటి నుంచి కార్డు ఏదైనా ఒక లెక్క వేసుకుంటాను. బ్యాండ్‌విడ్త్‌ని 60తో భాగిస్తే, సెకనుకి 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకి ఆ కార్డు ఎంత మెమరీని తాకగలదో వస్తుంది. నా పాత కార్డుకి అది 240ఎంబీ. 4జీబీ గది కట్టి సూది దూరేంత గుమ్మం పెట్టారు. 4060 టీఐకి అదే లెక్క 4.8జీబీ. మెమరీలో ఉన్నదంతా ప్రతి ఫ్రేముకీ అవసరం పడదు, తల తిప్పినప్పుడు సిద్ధంగా ఉండాల్సిన సరుకు కూడా అందులోనే ఉండాలి, కాబట్టి 4.8 తాకగలిగిన కార్డుకి 8 ఇరుకు, 16 కాస్త ధారాళం. ఇది శాస్త్రీయమైన సూత్రం అని చెప్పను, పైగా ఈ కార్డు చిప్‌లోనే ఉండే 32ఎంబీ చిన్న మెమరీ, ఎల్2 క్యాష్, కూడా కొంత భారం మోస్తుంది, కానీ డబ్బా మీది జీబీలకి మోసపోకుండా ఈ భాగహారం నన్ను చాలాసార్లు కాపాడింది.

పేరు చూసి కూడా మోసపోకండి. జీటీ 1030 అనే కార్డు జీడీడీఆర్5తో ఒకటి, తర్వాత డీడీఆర్4తో ఒకటి వచ్చాయి. పేరు ఒకటే, రెండూ 2జీబీలే, కానీ మొదటిది సెకనుకి 48జీబీ, రెండోది 16.8. ఆర్‌టీఎక్స్ 3060 అయితే 12జీబీది 192 బిట్లు, 360జీబీ. తర్వాత అదే పేరుతో వచ్చిన 8జీబీది 128 బిట్లు, 240జీబీ. అక్కడ మెమరీ తగ్గడంతో పాటు దారి కూడా ఇరుకైంది. 2016లో జీటీఎక్స్ 1060కి 3జీబీ, 6జీబీ రకాలు వచ్చినప్పుడు 3జీబీ దాంట్లో కోర్లు కూడా 1280 నుంచి 1152కి తగ్గాయి. కొనేముందు బస్సు ఎన్ని బిట్లు, మెమరీ ఏ రకం, బ్యాండ్‌విడ్త్ ఎంత, ఈ మూడూ తప్పకుండా చూడండి. కొన్నాక జీపీయూ-జడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం వేసి చూస్తే అన్నీ కనబడతాయి, తేడా ఉంటే వాపసు గడువులోపే ఇచ్చేయండి.

8 తర్వాత 10, 12 ఎందుకు పెట్టలేదు, ఏకంగా 16 ఎందుకు అని మా తమ్ముడు అడిగాడు. మెమరీ చిప్ ఒక్కోటి 32 బిట్ల దారి తీసుకుంటుంది. 128 బిట్ల బస్సుకి నాలుగు చిప్‌లు, ఒక్కోటి 2జీబీ, మొత్తం 8. ఇంకా కావాలంటే బోర్డు వెనక వైపు ఇంకో నాలుగు పెట్టి, ముందు చిప్, వెనక చిప్ ఒకే దారిని పంచుకునేలా చేయాలి. అందుకే 16 అయింది, అందుకే బ్యాండ్‌విడ్త్ పెరగలేదు. 192 బిట్లున్న కార్డుకి ఆరు చిప్‌లు, 12జీబీ సహజంగా వచ్చేస్తుంది, 2024 డిసెంబరులో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బీ580 అలాంటిదే, సెకనుకి 456జీబీ కూడా ఇస్తుంది. నన్నడిగితే చిప్ బలం సమానంగా ఉన్న రెండు కార్డుల్లో, ఇరుకు దారి మీద 16 కంటే వెడల్పు దారి మీద 12 ఇంకా సుఖం.

ఇంకో తప్పు నేనూ చేశాను. నా కార్డు మీద ఒక గేము 11జీబీ వాడుతున్నట్టు చూపించింది, అంటే 8జీబీ కార్డు మీద ఇది నడవదని తమ్ముడికి చెప్పేశాను. వాడి దాంట్లో హాయిగా నడిచింది. గేములు చోటు ఉంటే ముందే ఎక్కువ పట్టి పెట్టుకుంటాయి, పట్టినదంతా అవసరం కాదు. అందుకని వాడకం నంబరు చూసి భయపడకండి. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ పేజీ తెరిస్తే డెడికేటెడ్ మెమరీ, షేర్డ్ మెమరీ అని రెండు గీతలుంటాయి. మొదటిది పైకప్పు తాకి, అదే సమయంలో రెండోది పైకి లేస్తుంటే అప్పుడు నిజంగా చాల్లేదని అర్థం.

8జీబీ అంటే గేముకి పూర్తి 8 దక్కదు కూడా. విండోస్, రెండో మానిటర్, వీడియో ఆడుతున్న బ్రౌజర్, చాట్ యాప్ కొంత తీసుకుంటాయి. కార్డు చిన్నదని ఫ్రేమ్ జనరేషన్ (మధ్యమధ్యలో అదనపు ఫ్రేములు తయారుచేసి చేర్చడం) ఆన్ చేస్తే అదీ కొంత మెమరీ అడుగుతుంది, రే ట్రేసింగ్ ఇంకొంత. ఈ రెండూ చూపించే ఇలాంటి కార్డులు అమ్ముతారు, తీరా ఆన్ చేసేసరికి చోటు ఉండదు.

గేములు తయారుచేసేవాళ్లు సర్దుబాటు చేస్తారులే అనేవాళ్లున్నారు, అదీ కొంత నిజమే. ద లాస్ట్ ఆఫ్ అజ్ పార్ట్ 1 పీసీకి 2023 మార్చిలో వచ్చినప్పుడు 8జీబీ కార్డుల వాళ్లు టెక్స్చర్లు దించితే బొమ్మ మరీ నాసిగా కనబడేది, తర్వాతి ప్యాచుల్లో చాలా మెరుగుపరిచారు. కానీ ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండింట్లోనూ 16జీబీ ఉమ్మడి మెమరీ ఉంది, 2020 నవంబరు నుంచి. పాత కన్సోళ్లకి కూడా గేములు చేసినన్నాళ్లూ 8జీబీ నడిచింది, వాటిని వదిలేశాక ఇరుకు మొదలైంది. ఇది కొత్త కథ కూడా కాదు. 2017లో ఆర్‌ఎక్స్ 580 కొనేటప్పుడు 4జీబీనా 8జీబీనా అని ఇదే వాదన నడిచింది, చార్టుల్లో తేడా కొద్దిగానే ఉండేది. ఆ కార్డుకి 256 బిట్ల బస్సు, 8జీబీ వాడుకునే శక్తి చిప్‌కి ఉంది, అందుకే 8జీబీది కొన్నవాళ్లు ఏళ్ల తర్వాత కూడా దానిమీద నెట్టుకొచ్చారు.

గేములు కాకుండా వేరే పని ఉంటే ఇంత ఆలోచన అక్కర్లేదు, ఎక్కువ మెమరీదే తీసుకోండి. 3డీ బొమ్మలు చేసే బ్లెండర్ ప్రోగ్రాంలో పెద్ద సీన్ కార్డులో పట్టకపోతే రెండర్, అంటే తుది బొమ్మ తయారీ, ఆగిపోవచ్చు, అప్పుడు చిప్ ఎంత వేగమైనదైనా ఏం లాభం. ఇంట్లోనే ఏఐ మోడళ్లు నడిపేవాళ్లకి ఇంకా స్పష్టం. 1400 కోట్ల పారామీటర్లు, అంటే లోపలి అంకెలు, ఉన్న మోడల్‌ని ఒక్కో అంకెకి 4 బిట్లకి కుదించినా అంకెలకే 7జీబీ కావాలి, సంభాషణ గుర్తుపెట్టుకోవడానికి ఇంకొంత, 8జీబీలో పట్టదు, 16లో సులువుగా పడుతుంది. వేగం మాత్రం బ్యాండ్‌విడ్త్ చేతిలోనే, ఒక్కో టోకెన్‌కీ, అంటే ఒక్కో మాట ముక్కకీ, మోడల్ మొత్తాన్ని చదవాలి కాబట్టి 8జీబీ మోడల్‌కి 288ని 8తో భాగిస్తే సెకనుకి 36 టోకెన్లు, అంతకు మించి ఆశించలేం. నాకు ఆ వేగం చాలు.

2025లో వచ్చిన కార్డుల దగ్గరికొస్తే నిర్ణయం ఇంకా తేలిక. ఆర్‌టీఎక్స్ 5060 టీఐకి 128 బిట్ల మీదే జీడీడీఆర్7 పెట్టారు, 288 కాస్తా 448 అయింది, అంటే 16జీబీని వాడుకునే శక్తి పెరిగింది. ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీకి 320జీబీ, పైగా 16 లేన్లు. రెండింటికీ 8, 16 రకాలున్నాయి, విడుదల ధరల్లో తేడా పాతిక శాతం నుంచి పదిహేను శాతం దరిదాపులకి దిగింది. కార్డు మూడు నాలుగేళ్లు ఉంచుకునేవాళ్లు, కొత్త పెద్ద గేములు ఆడేవాళ్లు ఈ తరంలో 8జీబీది కొనొద్దు. తేడా మరీ ఎక్కువ అడుగుతుంటే, ఆ డబ్బుకి ఒక మెట్టు పైనున్న చిప్ వస్తుందేమో ముందు చూడండి. ఇంకా కింది తరగతి కార్డుల్లో, 64 బిట్ల వాటిలో, అదనపు మెమరీకి రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి.

ఇప్పటికే 8జీబీ ఉన్నవాళ్లు కంగారుపడి అమ్ముకోవద్దు. మా తమ్ముడు అమ్మలేదు. టెక్స్చర్లు అల్ట్రా నుంచి హైకి దించాం, చాలా గేముల్లో 4096 బొమ్మలు 2048కి దిగితే చోటు నాలుగో వంతు చాలు. రే ట్రేసింగ్ ఆపాం, ఆడేటప్పుడు బ్రౌజర్ మూసేయమన్నాను. సెట్టింగ్ మార్చాక కొన్ని గేములని ఒకసారి మూసి తెరిస్తేనే మెమరీ సరిగా ఖాళీ అవుతుంది, ఇది చాలామంది మర్చిపోతారు. తర్వాత అదే వీధిలోకి వెళ్లి అదే గోడ ముందు నిలబడ్డాడు. దగ్గరగా చూస్తే అంచులు కొద్దిగా మెత్తగా ఉన్నాయి గానీ, పోస్టర్ మీద అక్షరాలు వచ్చి నిలబడ్డాయి, వెనక్కి తిరిగి మళ్లీ చూసినా అలాగే ఉన్నాయి.